కాలిఫోర్నియా ఆన్‌లైన్ ఓటరు నమోదు: సేవ బాగుంది, పార్టీ గడి దగ్గర వివరణ చాలదు

అమెరికా పౌరసత్వం పొంది కాలిఫోర్నియాలో స్థిరపడిన తెలుగువారికి ఓటు హక్కు ఈ వెబ్‌సైటుతోనే మొదలవుతుంది. 2012 నుంచి నడుస్తున్న ఈ సేవ సాఫీగా పనిచేస్తుంది. డ్రైవింగ్ లైసెన్సు సంఖ్య, సోషల్ సెక్యూరిటీ సంఖ్యలోని చివరి నాలుగు అంకెలు, పుట్టిన తేదీ దగ్గర ఉంటే కొద్ది నిమిషాల్లో పని ముగుస్తుంది. సంతకం కూడా మోటారు వాహనాల శాఖ వద్ద ఉన్నదే తీసుకుంటారు.

మనవారు ఆగిపోయేది మీరు ఎంచుకునే పార్టీ ఏది అని అడిగే గడి దగ్గరే. భారతదేశంలో ఓటరు జాబితాకు పార్టీతో సంబంధం లేదు, సభ్యత్వం కావలసినవారు నేరుగా పార్టీ దగ్గరే తీసుకుంటారు. అందువల్ల ఇక్కడ ఒక పేరు ఎంచుకుంటే ఆ పార్టీ సిద్ధాంతాలన్నిటికీ కట్టుబడినట్టేనని చాలామంది జంకుతారు. ఆ జంకు అనవసరం. దీనికి రుసుము లేదు, ప్రమాణం లేదు, నవంబరులో జరిగే అసలు ఎన్నికలో ఎవరికైనా ఓటు వేయవచ్చు. 2010లో ఓటర్లు ఆమోదించిన 14వ ప్రతిపాదన ప్రకారం గవర్నరు, శాసనసభ, కాంగ్రెస్ స్థానాల ప్రైమరీలలో (అసలు ఎన్నికకు అభ్యర్థులను తేల్చే తొలి విడత ఎన్నికలలో) అభ్యర్థులందరూ అందరి బ్యాలెట్ పైనా ఉంటారు కనుక, ఈ ఎంపిక ప్రభావం ముఖ్యంగా అధ్యక్ష పదవి ప్రైమరీలోనే కనిపిస్తుంది.

ఒక ఓటరు నమోదును చూసి అతని నమ్మకాలను అంచనా వేయడం ఎంత పొరపాటో కెంటకీ రాష్ట్రం చూపిస్తుంది. 2000 నుంచి ప్రతి అధ్యక్ష ఎన్నికలోనూ రిపబ్లికన్ అభ్యర్థినే గెలిపించిన ఆ రాష్ట్రంలో, 2022 వరకు నమోదైన ఓటర్లలో డెమోక్రాట్లే ఎక్కువ. సొంత పార్టీ ప్రైమరీలో మాత్రమే ఓటు వేయగలిగే అటువంటి చోట, స్థానిక పదవుల అసలు పోటీ ఏ ప్రైమరీలో జరుగుతుందో చూసుకుని నమోదు కావడం సహజమే.

కాలిఫోర్నియా జాబితాలో అన్నిటికన్నా జాగ్రత్తగా చూడవలసిన పేరు అమెరికన్ ఇండిపెండెంట్ పార్టీ. ‘ఇండిపెండెంట్’ అన్న మాట చూసి ఏ పార్టీకీ చెందనివారి కోసమనుకుంటే పొరపాటే, ఇదీ ఒక పార్టీయే. జాతుల వేర్పాటును సమర్థించిన జార్జ్ వాలెస్ 1968లో ఈ పార్టీ తరఫునే అధ్యక్ష పదవికి పోటీ చేశారు. 2016లో లాస్ ఏంజెలెస్ టైమ్స్ ప్రచురించిన సర్వేలో, ఈ పార్టీ కింద నమోదైన ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు తాము ఏ పార్టీకీ చెందనివారమనే అనుకుంటున్నట్టు తేలింది. ఏ పార్టీ వద్దనుకునేవారికి వేరే అవకాశం ఉంది, దానినే ఎంచుకోవాలి. ఆ సంగతి గడి పక్కనే పెద్ద అక్షరాలతో కనిపించాలని నా గట్టి అభిప్రాయం. ఒక నక్షత్రం తగ్గించింది అందుకే.

ఇంకొకటి: మీరు ఎంచుకున్న పార్టీ వివరం ప్రచార బృందాలకూ పరిశోధకులకూ అందుతుంది కానీ, మీరు ఎవరికి ఓటు వేశారో ఏ జాబితాలోనూ ఉండదు. పార్టీ మార్చుకోవాలంటే ఇదే సైటులో మళ్లీ నమోదు చేసుకోవచ్చు. సాధారణ గడువు ఎన్నికకు 15 రోజుల ముందు వరకే.

రేటింగు: 4/5