ఫెరిస్ బ్యూలర్స్ డే ఆఫ్: వెనక్కి తిరగని మీటరు

1986లో వచ్చిన ఈ సినిమా కథ ఒక్క ముక్కలో చెప్పాలంటే స్కూలు ఎగ్గొట్టడం. షికాగో శివార్లలో ఉండే ఫెరిస్ ఒంట్లో బాగాలేదని మంచమెక్కుతాడు. అమ్మానాన్నా అటు వెళ్లగానే లేచి, స్నేహితుడు కామెరాన్‌నీ గర్ల్‌ఫ్రెండ్ స్లోన్‌నీ వెంటేసుకుని సిటీ అంతా తిరిగొస్తాడు. జాన్ హ్యూస్ రాసి, తీసిన 103 నిమిషాల ఈ సినిమా ఇప్పటికీ నడుస్తోందంటే, బంక్ కొట్టడాన్ని ఒక పనిలా, పనివాడితనంతో చూపించడమే సగం కారణం.

కెమెరా వైపు తిరిగి ఫెరిస్ పాఠం చెప్తాడు. దొంగ జ్వరం వద్దంటాడు: కంగారుపడే అమ్మయితే డాక్టరు దగ్గరికి లాక్కెళ్తుంది, అది స్కూలు కంటే ఘోరం. కడుపునొప్పి అని మెలికలు తిరుగుతూ అరచేతులు నాక్కోవాలి, చల్లగా, చెమ్మగా తగులుతాయి. తను ఇంట్లోనే ఉన్నట్టు నమ్మించడానికి మంచంలో బొమ్మ, తాళ్లతో అది కదిలే ఏర్పాటు, గురక టేపు, దగ్గులు మోగించే సింథసైజర్, కాలింగ్ బెల్ కొడితే పలికే రికార్డు చేసిన గొంతు. ఆ చివరిదే కొంప ముంచేది. ఫెరిస్‌ని పట్టుకోవాలని ఇంటికొచ్చిన స్కూలు డీన్ రూనీ రెండోసారి బెల్ కొడితే అదే జవాబు అక్షరం పొల్లుపోకుండా వస్తుంది.

అసలు విషయం రెండు అంకెల్లో ఉంది. స్కూలు కంప్యూటర్లో ఫెరిస్ గైర్హాజరీలు తొమ్మిది. ఇంట్లోంచే తన కంప్యూటర్‌తో వాటిని రెండుకి దించేస్తాడు, రూనీ కళ్లముందే. సిటీకి వేసుకెళ్లిన, కామెరాన్ వాళ్ల నాన్న ప్రాణంగా చూసుకునే 1961 ఫెరారీ కారు దగ్గర ఆ కిటుకు పారదు. పార్కింగ్ కుర్రాళ్లు షికారు చేసి మీటర్లో 175 మైళ్లు పెంచేస్తారు. కారుని జాకీ మీద లేపి రివర్స్ గేర్‌లో ఎంతసేపు తిప్పినా అంకె తగ్గదు. కామెరాన్ భయం కోపంగా మారేది అక్కడే. ఆ తండ్రి సినిమాలో ఒక్కసారీ కనిపించడు. కారుని దాచుకున్న ఆ గాజు గ్యారేజీ, ఆ మీటరు చాలు.

షికాగోలోని ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియం సీన్ మాత్రం ఫోన్‌లో చూడకండి. ఫ్రెంచ్ చిత్రకారుడు జార్జ్ సరా చుక్కలతో వేసిన పెయింటింగ్ ముందు కామెరాన్ నిలబడతాడు. ఒక షాట్ అతని ముఖం, ఒక షాట్ బొమ్మలోని చిన్నపిల్ల ముఖం, ప్రతిసారీ మరింత దగ్గరగా. చివరికి పిల్ల ముఖం పోయి రంగు చుక్కలు మిగులుతాయి. మాటల్లేవు, సంగీతమే. హీరో ఫెరిసే అయినా మారేది కామెరానేనని ఇక్కడే తెలిసిపోతుంది.

లోపాలు లేకపోలేదు. రూనీ కుక్క బారిన పడి, బురదలో దిగబడే గొడవ సాగదీత. స్లోన్‌కి (మియా సారా) పక్కన నడవడం తప్ప పెద్దగా పనిలేదు. పైగా ఇది డబ్బున్న పిల్లల అల్లరి. ఫెరిస్ తోబుట్టువు జీనీ అక్కసు నూటికి నూరుపాళ్లు న్యాయం. ఎకనామిక్స్ క్లాసులో అటెండెన్స్ తీసే బెన్ స్టైన్‌ది చిన్న వేషమే గానీ, జవాబు రాని పేరుని ఆయన చప్పగా మళ్లీ మళ్లీ పిలిచే తీరు మాత్రం మర్చిపోలేం.

సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, ఫెరిస్ మాట వేగం ఎక్కువ. అక్కడక్కడ బూతులున్నాయి, మరీ చిన్నపిల్లలకి వద్దు. పేర్లు పడుతుంటే ఆపేయకండి: చిరిగిన కోటుతో రూనీ స్కూలు బస్సెక్కుతాడు, పక్కసీటు పిల్ల జేబులో వెచ్చబడి మెత్తబడిన జెల్లీ మిఠాయి తీసి ఆయన చేతికిస్తుంది.