మెడల్ మెడలో పడితే మారథాన్ పూర్తయినట్టు కాదు: ఎంట్రీ కట్టే ముందు ఇవి అడగండి

'సర్టిఫైడ్ కోర్స్' (దూరం కొలిచి ధ్రువీకరించిన దారి) అని పోస్టర్ వేసి ఎంట్రీలు అమ్మి, తీరా 41 కిలోమీటర్ల చిల్లరే పరిగెత్తించి మెడల్ వేసి పంపేసే రేసులున్నాయి, జాగ్రత్త. 42.195 కిలోమీటర్లకు తగ్గితే అది మారథాన్ కిందికి రాదు. ఆ టైమ్ అమెరికాలోని బోస్టన్ మారథాన్‌కు అర్హత సంపాదించడానికి పనికిరాదు. డబ్బు వెనక్కి అడిగితే 'నో రీఫండ్' నిబంధన చూపిస్తారు.

కోర్సు ఎలా కొలిచారో ముందు అడగండి. ఉక్కు టేపుతో కొలిచిన దూరం మీద సరిచూసుకున్న సైకిల్, దాని ముందు చక్రానికి జోన్స్ కౌంటర్ (చక్రం ఎంత తిరిగిందో లెక్కించే పరికరం): ఇదీ ప్రామాణిక పద్ధతి. మలుపుల్లో రోడ్డు అంచుకు 30 సెంటీమీటర్ల ఎడంగా, అతి దగ్గరి దారిన తొక్కుతూ కొలుస్తారు. తక్కువ పడకుండా కిలోమీటరుకు ఒక మీటరు అదనంగా కలుపుతారు. అంటే కొలతలో కోర్సు 42.237 ఉంటుంది. కారు మీటరు, మ్యాప్ యాప్, నిర్వాహకుడి చేతి వాచ్ లెక్కలోకి రావు. సర్టిఫికెట్ ఉందంటే దాని నంబరు, తేదీ అడగండి. పాత దారికి తెచ్చుకున్న కాగితాన్ని కొత్త దారికి అతికించేవాళ్లూ ఉన్నారు.

మీ వాచ్‌లో 42.6 చూపిస్తే గొడవపడకండి, అది మామూలే. జనాన్ని తప్పించుకుంటూ అటూ ఇటూ పోతాం, జీపీఎస్ తేడా దానికి తోడు. చాలామంది వాచ్‌ల్లో 42 కూడా రాకపోతే మాత్రం అనుమానించాలి. ఎక్కువగా దొరికే దొంగ యూ టర్న్ కోన్. 200 మీటర్లు ముందు పెడితే పోనూ రానూ 400 మీటర్లు గల్లంతు. కొలత ఎంత పక్కాగా ఉన్నా ఏం లాభం?

కటాఫ్ (రేసు పూర్తి చేయాల్సిన గడువు) ఎప్పటినుంచి లెక్కిస్తారో కూడా తేల్చుకోండి. మీరు స్టార్ట్ మ్యాట్ (మీ చిప్‌ను గుర్తించి టైమ్ నమోదు చేసే చాప) దాటిన క్షణం నుంచా, రేసు మొదలైందని గన్ పేలినప్పటి నుంచా? దక్షిణాఫ్రికాలోని కామ్రేడ్స్ అనే రేసులో 12 గంటలూ గన్ నుంచే. వెనక వరసలో నిలబడి పోగొట్టుకున్న నిమిషాలు మీ ఖాతాలోనే. మధ్యలో కటాఫ్‌లుంటే అవి ఎన్నో కిలోమీటరు దగ్గరో చూడండి. దారిలో టైమింగ్ మ్యాట్లు లేకుండా మొదట్లో, చివర్లో మాత్రమే ఉంటే అడ్డదారిన వచ్చినవాడూ ఫినిషరే! అలాంటి ఫలితాల పట్టికకు విలువేముంది? ఇంకొకరి బిబ్ (ఛాతీ మీది నంబరు) కొనుక్కుని పరిగెత్తినా అంతే, ఫలితం రద్దు చేస్తారు.

మారథాన్ కన్నా పొడవైన అల్ట్రా రేసుల్లో మోసం కన్నా అపార్థమే ఎక్కువ. 42.195 దాటిన ఏ దూరమైనా అల్ట్రాయే కాబట్టి 45 కిలోమీటర్లకు ఆ పేరు పెట్టడం తప్పు కాదు. ట్రెయిల్ (కొండలు, అడవుల కాలిబాట) రేసులో చెప్పిన దూరానికి ఒకటి రెండు కిలోమీటర్లు అటూ ఇటూ అవడమూ సహజమే. 24 గంటల రేసులో ఫినిష్ లైన్ ఉండదు, గడువులోపు పరిగెత్తిన దూరమే ఫలితం. బ్యాక్‌యార్డ్ అల్ట్రా అయితే గంటకొకసారి 6.706 కిలోమీటర్ల చుట్టు తిరగాలి. చివరిదాకా మిగిలిన ఒక్కరే ఫినిషర్, తక్కిన అందరికీ డీఎన్ఎఫ్, అంటే 'పూర్తి చేయలేదు' అనే ఫలితం. అది తెలియక ఫినిషర్ మెడల్ కోసం డబ్బు కట్టేస్తున్నారు.

వీటికి జవాబులు ఫోన్‌లో వద్దు, మెయిల్‌లో రాబట్టండి. కోర్సు తక్కువైందని తేలితే జీపీఎస్ ఫైలు, కోన్ ఫోటోలు జతచేసి నిర్వాహకులతోపాటు ఆ కోర్సుకు సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థకూ పంపండి.