గీజర్ రిపేరుకు 3,600 రూపాయలు తీసుకున్నారు, ఒక్క సామానూ మార్చలేదు

హైదరాబాదులో గీజర్ బాగు చేయించుకోబోతున్నవాళ్లు దయచేసి ఇది చదవండి. మోసం బయటపడి గంట కూడా కాలేదు. కోపంతో నా చేతులు ఇంకా వణుకుతున్నాయి.

మాది 15 లీటర్ల గీజర్. రెండు వారాల క్రితం ఒక ఉదయం స్విచ్ వేస్తే నీళ్లు వేడెక్కలేదు. చలికాలం, ఇంట్లో 74 ఏళ్ల అత్తగారు. కంగారులో కంపెనీ పేరు ఫోనులో వెతికి, అన్నిటికంటే పైన కనిపించిన సర్వీసు సెంటర్ నంబరుకు చేశాను. అలా పైన కనిపించే నంబర్లలో నకిలీవి ఉంటాయని మీకందరికీ తెలిసిందే. నాకూ తెలుసు. అయినా చేశాను.

వచ్చినతను మూత విప్పి రెండు నిమిషాల్లో, "ఎలిమెంటు, థర్మోస్టాట్ రెండూ కాలిపోయాయి మేడం" అన్నాడు. ఎలిమెంటు అంటే నీళ్లు కాచే రాడ్డు, థర్మోస్టాట్ అంటే వేడిని అదుపు చేసేది. 3,600 అవుతుందన్నాడు, సరేనన్నాను. "మీరు హాల్లో మెయిన్ దగ్గర నిలబడండి. నేను చెప్పేదాకా ఎవరూ ఆన్ చేయకుండా చూడండి, షాక్ కొడితే నా ప్రాణం పోతుంది" అన్నాడు. అరగంటకు పైగా అక్కడే నిలబడ్డాను. ఒక మనిషి ప్రాణానికి కాపలా ఉన్నాననుకుని పాలు పొంగుతున్నా కదలలేదు. బాత్రూములో ఏం చేస్తున్నాడో నా కంట పడకూడదనే నన్ను అక్కడ నిలబెట్టాడని ఇప్పుడు తెలిసింది. అది తలచుకుంటేనే ఒళ్లు మండుతోంది. పాత సామాను ఏదంటే కంపెనీకి పంపాలన్నాడు. బిల్లు ఫోనుకు వస్తుందన్నాడు. రాలేదు.

నీళ్లు మాత్రం వేడిగా వచ్చాయి. తొమ్మిది రోజులు. తర్వాత మళ్లీ చన్నీళ్లే.

ఈ రోజు మా వీధి ఎలక్ట్రీషియన్ వచ్చాడు. కరెంటు ఆపే ఎంసీబీ స్విచ్ దించి, ట్యాంకు ఖాళీ చేసి ఎలిమెంటు బయటికి తీశాడు. దాని చుట్టూ తెల్లగా, గట్టిగా సున్నపు పొర. మాకు వచ్చేవి బోరు నీళ్లే. "తొమ్మిది రోజుల్లో ఇంత పొర పట్టదమ్మా, ఇది మొదటినుంచీ ఉన్నదే" అన్నాడు. మీటరు పెడితే 26 ఓములు చూపించింది. రెండు కిలోవాట్ల ఎలిమెంటుకు అంతే ఉండాలట. అంటే అది ఏనాడూ కాలిపోలేదు. థర్మోస్టాటూ పాతదే. పొర వల్ల వేడి నీళ్లలోకి సరిగ్గా దిగక, వేడి మితిమీరితే భద్రత కోసం కరెంటు ఆపేసే కటౌట్ పడిపోతోంది. దాని మీద చిన్న ఎర్ర బొత్తాం ఉంది. మొదట వచ్చినతను చేసిందల్లా దాన్ని నొక్కి కరెంటు మళ్లీ వచ్చేలా చేయడమే అయి ఉంటుంది.

వెంటనే ఆ నంబరుకు చేశాను. నాలుగోసారి ఎత్తాడు. నేను చెప్పిందంతా విని, "సామాను వేసేటప్పుడు మీరు చూడలేదా? చూడకుండా డబ్బులెందుకిచ్చారు?" అని పెట్టేశాడు. కాపలా నిలబెట్టిన మనిషే ఆ మాట అన్నాడు. ఎందుకిచ్చానని నన్ను నేనూ అడుగుతూనే ఉన్నాను. పాత ఎలిమెంటు చేతికిచ్చాకే డబ్బు తీసుకోమని ఒక్క మాట అంటే సరిపోయేది.

మీరు నంబరును వారంటీ కార్డు మీద నుంచో గీజర్ మీది స్టిక్కర్ నుంచో తీసుకోండి, వెతికి తీసుకోవద్దు. విప్పుతున్నంతసేపూ పక్కనే ఉండండి. పాత సామానూ బిల్లూ రానిదే రూపాయి ఇవ్వకండి. ఎర్ర బొత్తాం సంగతి విని మీరే మూత విప్పబోకండి, లోపల కరెంటు ఉంటుంది. బొత్తాం నొక్కినా పొర తీయించకపోతే మళ్లీ ఇదే కథ.

పొర గీకించి, కొత్త వాషరు వేయించినందుకు మా ఎలక్ట్రీషియన్ 400 తీసుకున్నాడు. అత్తగారు ఇప్పుడే స్నానానికి వెళ్లారు. నేను 1915కు, వినియోగదారుల హెల్ప్‌లైనుకు, ఫోను చేయబోతున్నాను.