విజయవాడలో ‘పైలట్ వాచీ’ కొనబోతున్నారా? ముందు ఆ నాలుగో ముల్లు సంగతి చూడండి

రెండు దేశాల సమయం చూపిస్తుందని చెప్పి అమ్ముతున్న ‘పైలట్’ వాచీలు బీసెంట్ రోడ్డు చుట్టుపక్కల ఈ మధ్య బాగా కనిపిస్తున్నాయి. పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు విజయవాడ, గుంటూరుల్లో వీధికి ఎన్నున్నాయో ఆ వ్యాపారులకు మనకంటే బాగా తెలుసు. అటువంటి ఒక దుకాణంలో పద్నాలుగు వేల అయిదు వందలు పోసి నేను కొన్న వాచీ ఒక్క దేశం సమయమే చూపిస్తోంది. కొనే ఆలోచనలో ఉన్నవారు, ముఖ్యంగా కొని ఇంకా పెట్టె విప్పనివారు, ఇది చదవండి.

మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. ఫోను చేసే ముందు అక్కడ ఎంతయిందో లెక్క కట్టుకునే పని తప్పుతుందని ఈ రకం వాచీ కోసం వెళ్లాను. కౌంటరు మీద పెట్టిన దాన్ని చేతిలోకి తీసుకుని నేనే తిప్పి చూశాను. పక్కనున్న కీని ఒక మెట్టు బయటికి లాగి ఒకవైపు తిప్పితే తేదీ మారింది. రెండోవైపు తిప్పితే ఎర్రటి నాలుగో ముల్లు ఒక్కటే గంటకో గెంతు చొప్పున జరిగింది. మిగతా మూడు ముళ్లూ తమ పని తాము చేసుకుంటూనే ఉన్నాయి. ఉండవలసింది అలాగే. బేరం ఖాయమయ్యాక అక్కడి కుర్రాడు “ఇది చూపించడానికి పెట్టింది బాబాయిగారూ, మీకు కొత్తది ఇస్తాను” అని లోపలినుంచి సీలు వేసిన పెట్టె తెచ్చాడు. సీలు దుకాణంలో విప్పితే వారంటీ చెల్లదట. కార్డు మీద ఆ ముక్క అచ్చు వేసి మరీ ఉంది.

ఇంటికి వచ్చి విప్పితే అదే రంగు, అదే డయలు, అదే ఎర్ర ముల్లు. కీ లాగి తిప్పితే ఒకవైపు తేదీ మారుతోంది, రెండోవైపు ఊరికే తిరుగుతోంది. రెండో మెట్టుకు లాగి టైము మారిస్తే ఎర్ర ముల్లు గంటల ముల్లు వెనకాలే సగం వేగంతో నడుస్తోంది. అంటే అది చెబుతున్నదీ మన సమయమే, కాకపోతే 24 గంటల లెక్కలో. రాత్రి తొమ్మిదిన్నరకు 21కీ 22కీ మధ్య నిలబడుతుంది. డాలస్‌తో దానికి ఏ సంబంధమూ లేదు. పగలో రాత్రో తెలుసుకోవడానికి నాకు వాచీ ఎందుకు, కిటికీ చాలదా?

మర్నాడు తీసుకెళ్తే యజమాని తొణకలేదు. “రోలెక్స్ వాళ్లు పైలట్ల కోసం చేసిన మొదటి వాచీలోనూ ఈ ముల్లు ఇలాగే ఉండేదండీ” అన్నారు. ఆ మాట సగం నిజం, అందుకే ప్రమాదకరం. పాన్ యామ్ విమాన సంస్థ పైలట్ల అవసరం కోసం రోలెక్స్ 1955లో తెచ్చిన జీఎంటీ మాస్టర్‌లో 24 గంటల ముల్లు నిజంగానే గంటల ముల్లుకు కట్టుబడి నడిచేది. కానీ అద్దం చుట్టూ 24 గంటల అంకెలున్న వలయం, అంటే బెజెల్, తిరిగేది. రెండు ఊళ్ల మధ్య తేడా ఎంతో అంత తిప్పితే అదే ముల్లు రెండో ఊరి సమయం చెప్పేది. గంటల ముల్లు విడిగా జరిగే ఏర్పాటు 1980లలో జీఎంటీ మాస్టర్ 2తో వచ్చింది. ముల్లయినా జరగాలి, బెజెలయినా తిరగాలి. నాకు అంటగట్టిన దానిలో బెజెల్ కేసుకు అతికించిన రేకు. గుడ్డ చుట్టి బలంగా తిప్పినా కదలలేదు. ఆ సంగతి అడగగానే చరిత్ర పాఠం ఆగిపోయి, బిల్లు కింద వేసిన రబ్బరు స్టాంపు ముందుకొచ్చింది: ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’.

కౌంటరు మీది వాచీ ఇంకా అక్కడే ఉంది. రెండూ పక్కపక్కన బోర్లా పెట్టి చూస్తే వెనక మూత మీద చెక్కిన మోడల్ నంబరులో చివరి అక్షరం వేరు. రెండింటికీ కలిపి ఫొటో తీసుకున్నాను. వారంటీ కార్డులో మోడల్ రాయవలసిన గడి ఖాళీగా ఎందుకు వదిలారో అప్పుడు అర్థమైంది.

సరైన వాచీ దొరికినా మనవాళ్లకు ఉండే చిక్కు ఒకటుంది. దుకాణాల్లో ఎవరూ చెప్పరు. మన సమయం గ్రీనిచ్ కంటే అయిదున్నర గంటలు ముందు. డాలస్‌కు మనకు తేడా వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర. (మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారాలు మార్చుకుంటారు.) దుబాయ్‌తో గంటన్నర, సింగపూర్‌తో రెండున్నర. ఎటు చూసినా ఆ అర వదలదు. గంటకో గెంతు వేసే ముల్లుకు అరగంట గెంతడం రాదు. వేసవిలో ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర అయితే డాలస్‌లో పగలు పదకొండు, ముల్లు మాత్రం పదకొండున్నర దగ్గర ఉంటుంది. ఆ అరగంటను సర్దగలిగేది బెజెలే. బెజెల్ ఒక చుట్టు తిరగడానికి 24 క్లిక్కులుంటే, అంటే క్లిక్కుకో గంట అయితే, కుదరదు. 120 ఉన్నా కుదరదు, అరగంటకు రెండున్నర క్లిక్కులు కావాలి మరి. 48 క్లిక్కులున్నదో, క్లిక్కులే లేకుండా నున్నగా తిరిగేదో తీసుకోండి. మనసులో అరగంట తీసేసుకోగలిగినవారికి ఈ గొడవ అక్కర్లేదు.

‘జపాన్ మిషను’ అన్న మాటకు మురిసిపోకండి, లోపలి మిషను నంబరు అడగండి. జపాన్ కంపెనీ సీకో తయారీ ఎన్‌హెచ్34లో 24 గంటల ముల్లు విడిగా జరుగుతుంది. ఇంట్లో కూర్చుని విదేశాలకు ఫోను చేసేవారికి అది చాలు. మరో జపాన్ కంపెనీ మియోటా తయారీ 9075లో గంటల ముల్లే విడిగా గెంతుతుంది. విమానం దిగగానే స్థానిక సమయానికి మార్చుకోవాలనుకునే వారికి ఇదే సుఖం. నంబరు చెప్పలేని వ్యాపారి దగ్గర కొనకపోతే నష్టమేమీ లేదు.

అదే దుకాణంలో అంచు నిండా సన్నటి అంకెలున్న ఇంకో రకం ‘పైలట్’ వాచీలూ ఉన్నాయి. బ్రైట్‌లింగ్ 1952లో తెచ్చిన నావిటైమర్‌లో ఆ అంకెలు గుణకారాలు, ఇంధనం లెక్కలు వేసుకునే స్లైడ్ రూల్. నకళ్లలో అది ఉత్త అలంకారం. పరీక్ష తేలిక: అంచు తిప్పి బయటి వరసలోని 20ని లోపలి వరసలోని 10కి ఎదురుగా పెట్టండి. అప్పుడు బయటి 30కి ఎదురుగా లోపల 15, బయటి 60కి ఎదురుగా లోపల 30 పడాలి. పడకపోతే ఆ అంకెలు ఎందుకూ పనికిరావు.

దిగుమతి సరుకైతే పెట్టె మీద గరిష్ఠ చిల్లర ధరతోపాటు దిగుమతిదారు పేరు, చిరునామా ఉండాలి. నా పెట్టె మీద ధర తప్ప ఏమీ లేదు. ఇక ఆ రబ్బరు స్టాంపుకు భయపడనక్కర్లేదు. బిల్లులో వాపసు గడువు రాయకపోతే, లోపమున్న సరుకును ముప్పై రోజుల్లోపు వెనక్కి తీసుకుని డబ్బివ్వడానికి నిరాకరించడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. జాతీయ హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. అయిదు లక్షల లోపు సరుకుకు రుసుము లేదు. కొన్నది విజయవాడలో అయినా నేనుండే గుంటూరులోనే కేసు వేయవచ్చు.

నిన్న దుకాణం నుంచి ఫోను వచ్చింది, వేరే వాచీ ఇస్తారట. డబ్బే కావాలని చెప్పాను. ఎర్ర ముల్లు, కదలని బెజెల్ ఉన్న వాచీ మీ దగ్గర కూడా ఉంటే ఈ రోజే కీ లాగి చూడండి, బిల్లు మీద తేదీ కూడా చూసుకోండి.