పానిక్‌ ఎటాక్‌లకి గ్రూప్ థెరపీ: చాలాకాలం వెళ్ళాక నా అనుభవం

విడిగా కౌన్సెలింగ్‌లో నెలల తరబడి కదలని భయం నాకు గ్రూపులో కదిలింది. అదీ ఒకే ఒక్క ఎక్సర్‌సైజ్ వల్ల. అందుకే గ్రూపంటే నాకంత ఇష్టం.

ఇల్లు విజయవాడ పటమటలో, ఉద్యోగం గుంటూరులో. బస్సు కనకదుర్గ వారధి ఎక్కిందంటే చాలు, గుండె దడ, చెమటలు, ఇక ఊపిరి ఆడదేమోనన్న భయం. ఈసీజీ, థైరాయిడ్ పరీక్షల్లో ఏమీ తేలలేదు. ఆ పరీక్షలు మాత్రం ఎవరైనా ముందే చేయించుకోవాలి.

దడ రాగానే ఏదో అయిపోతోందనుకుంటామని, ఆ ఆలోచనతో దడ ఇంకా పెరుగుతుందని సైకాలజిస్ట్ మేడమ్ చక్కగా వివరించారు. తలకెక్కింది, ఒంటికెక్కలేదు. అది ఒంటికెక్కడానికి ఆ దడని కావాలనే తెప్పించుకునే ఎక్సర్‌సైజ్ ఉంది. నిమిషంపాటు వేగంగా ఊపిరి తీసి వదలాలి. లేదా కుర్చీలో గిరగిరా తిరగాలి, సన్నటి స్ట్రాతో గాలి పీల్చాలి. కౌన్సెలింగ్ గదిలో నేనొక్కదాన్నే చేస్తూ ప్రతిసారీ మధ్యలో ఆపేసేదాన్ని.

గ్రూపులో అందరికీ పానిక్ సమస్యే. అందరం ఒకేసారి వేగంగా ఊపిరి తీయడం మొదలుపెట్టాం. కాసేపటికే వేళ్ళు తిమ్మిరెక్కాయి, తల తేలిపోయినట్టయింది. ఆపేద్దామని కళ్ళు తెరిస్తే ఎదురుగా ఒక పెద్దాయన కుర్చీని గట్టిగా పట్టుకుని ఉన్నారు. పక్కనున్న డిగ్రీ కుర్రాడి పెదాలు వణుకుతున్నాయి. వాళ్ళు ఆపలేదు, నేనూ ఆపలేదు. అయ్యాక పెద్దాయన, "నీకూ వేళ్ళు జివ్వుమన్నాయా అమ్మా?" అని అడిగారు.

"అవునండీ బాబాయిగారూ, కళ్ళు కూడా తిరిగాయి."

"నాకొక్కడికే అనుకున్నానండీ," అన్నాడు కుర్రాడు.

అలా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి ఎవరికైనా ఇలాగే అవుతుందని మేడమ్ ముందే చెప్పి ఉన్నారు. నాకు నమ్మకం కుదిరింది మాత్రం ఆ రోజే. తర్వాత వారధి మీద దడ మొదలైనా, అది దానంతటదే తగ్గేదాకా సీట్లో కూర్చోగలిగాను.

అలాగని అన్నీ గ్రూపులో తేలవు. ఒకాయన ఆఫీసు గొడవలు ఎత్తుకుంటే మిగతావాళ్ళ వంతు వచ్చేది కాదు. పైగా మన ఊళ్ళలో తెలిసినవాళ్ళు తగులుతారేమోనన్న టెన్షన్. మొదటిరోజే ఒకావిడ, "మీరు ఎవరి తాలూకు?" అని ఆరా తీసింది. మన విషయాలు గోప్యంగా ఉంచే బాధ్యతని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వైద్యం చేసేవాళ్ళ మీద పెట్టింది. తోటి సభ్యుల విషయంలో వాళ్ళిచ్చిన మాటే మనకి దిక్కు. మా గ్రూపులో ఎవరూ మాట తప్పినట్టు నాకు తెలియదు. అయినా నాన్న గుండెపోటుతో నా కళ్ళముందే పోయిన సంగతి అక్కడ చెప్పలేకపోయాను. నా భయానికి మూలం అక్కడుందని తెలిసింది విడిగా మాట్లాడినప్పుడే. కాబట్టి ఆ నెలలు ఊరికే పోయాయని ఇప్పుడు అనలేను.

ముందు విడిగా, తర్వాత గ్రూపు, మళ్ళీ కొన్నాళ్ళు విడిగా. నాకు ఈ వరుస కుదిరింది. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు కాబట్టి గ్రూపు టైముకి తప్పకుండా వెళ్ళగలిగాను. చంటిపిల్లలున్నవాళ్ళకి అది కష్టమే. చేరేముందు గ్రూపులో అందరిదీ ఒకే సమస్యేనా అని అడగండి. రకరకాల సమస్యలవాళ్ళుంటే ఈ ఎక్సర్‌సైజ్ చేయించకపోవచ్చు. ఆస్తమా, గుండెజబ్బు, ఫిట్స్ ఉన్నవాళ్ళు, గర్భిణులు డాక్టరుని అడక్కుండా ఇంట్లో దీన్ని ప్రయత్నించకండి.