చవక క్యాట్ 6 కేబుల్: మూడేళ్ల వాడకం తర్వాత

విజయవాడలోని మా ఇంట్లో కింది హాల్లో ఉన్న రూటర్ నుంచి మేడ మీది గదికి, గోడలోని పైపు గుండా ఈ కేబుల్‌ను వేయించి మూడేళ్లయింది. తొడుగు మీద, నెట్‌వర్క్ కేబుళ్ల ప్రమాణాల్లో ఒకటైన క్యాట్ 6 అని అచ్చు ఉంది, ధర మాత్రం మంచి కేబుల్‌లో సగమే. మొదటి రెండేళ్లు 300 ఎంబీపీఎస్ కనెక్షన్ పూర్తిగా అందింది కాబట్టి, అప్పట్లో ఎవరైనా అడిగి ఉంటే నిస్సంకోచంగా కొనమనేవాడిని.

ఆ తర్వాత ఒకరోజు వేగం 94కు పడిపోయింది. ఉదయం 94, రాత్రి 94. లైన్‌లో రద్దీయే కారణమైతే అంకె పూటకో రకంగా మారాలి గానీ ఇలా గీత గీసినట్టు నిలవదన్న సంగతి తట్టడానికి నాకు వారం పట్టింది. ఈలోగా ఇంటర్నెట్ సంస్థకు మూడుసార్లు ఫిర్యాదు చేశాను. వచ్చిన టెక్నీషియన్ తన ల్యాప్‌టాప్‌ను నేరుగా రూటర్‌కు తగిలించి, 300 చూపించి, మర్యాదగా వెళ్లిపోయారు. అప్పుడు గాని నేను విండోస్‌లో ఈథర్‌నెట్ వివరాలు తెరవలేదు. లింక్ వేగం, అంటే కంప్యూటర్, రూటర్ ఈ కేబుల్ మీద కుదుర్చుకున్న వేగం, 100/100 అని ఉంది.

గిగాబిట్‌కు, అంటే 1000 ఎంబీపీఎస్‌కు, కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ కావాలి. 100 ఎంబీపీఎస్‌కు 1, 2, 3, 6 పిన్నులకు వెళ్లే రెండు జతలు చాలు. మిగతా జతల్లో ఒక్క తీగ తెగినా చాలా పరికరాలు ఏ హెచ్చరికా ఇవ్వకుండా 100కు దిగిపోతాయి, అందులో డేటాతో పాటు వెళ్లే చిరునామాల వంటి హెడర్ల ఖర్చు పోగా మన చేతికి వచ్చేది 94 లేదా 95. ఒక్కో తీగకు ఒక్కో దీపం వెలిగే కేబుల్ టెస్టర్ పెడితే ఏడో దీపం వెలగలేదు, అంటే గోధుమ చారల తెల్ల తీగ.

కేబుల్ కొసన ఉండే ఆర్‌జే45 ప్లగ్గు కొత్తది క్రింప్ చేయించగానే (నొక్కి బిగించగానే) వేగం తిరిగి వచ్చింది, నాలుగు నెలలకు మళ్లీ 94. ఊడ్చినప్పుడల్లా బల్లను జరపడంతో కేబుల్ ఆ ప్లగ్గు దగ్గరే వంగుతోంది. ఈసారి విరిగిన కొసను బ్లేడుతో గీకితే ఎర్రని పూత కింద తెల్లని లోహం మెరిసింది. అది రాగి పూసిన అల్యూమినియం. క్యాట్ ప్రమాణాలు కోరేది పూర్తి రాగిని కనుక తొడుగు మీది అచ్చు అబద్ధమే. దీని నిరోధం కూడా ఎక్కువ కాబట్టి, కేబుల్ ద్వారానే కెమెరాలకు కరెంటు పంపేవారు దీని జోలికి వెళ్లకూడదు.

పాత కేబుల్ కొసకు అసలు రాగి కేబుల్‌ను కట్టి పైపులోంచి లాగించాను. ఇప్పుడు లింక్ 1000/1000 చూపుతోంది. ఐదుకు రెండు మార్కులు ఇస్తున్నాను. బయటికి లాగిన పాత కేబుల్‌లో ఒక ముక్క ప్రస్తుతం టీవీకి పనిచేస్తోంది, దాని పోర్టు ఎలాగూ 100 ఎంబీపీఎస్‌దే.