బండి చైను ఇంట్లోనే సర్దుకోవడం: కొన్నేళ్ల వాడకం తర్వాత నా మాట

చైను వదులైతే ప్రమాదమని బండి నడిపే ప్రతివారికీ తెలుసు. బిగువైతే జరిగే నష్టం మాత్రం చాలామంది పట్టించుకోరు. హన్మకొండలో మా ఇంటి వాకిట్లోనే చైను సర్దుకోవడం మొదలుపెట్టి కొన్నేళ్లయింది. దానికోసం కొన్న సామానులో ఏది పనికొచ్చింది, ఏది మూలన పడింది, ఇంత శ్రమకు ఫలితం ఉందా అన్నది రాస్తున్నాను. ఫలితం ఉంది. డబ్బు ఆదా కావడం అందులో చిన్న భాగమే. చైనుకు ఎంత వదులు కావాలో కొలిచి అంతే ఉంచే ఓపిక బయట ఎక్కడా నాకు కనిపించలేదు.

నాది 125 సీసీ బండి. వెనక డ్రమ్ బ్రేకు, 428 సైజు చైను, పైన సగం కవరు. గూడెప్పాడ్ చౌరస్తా మీదుగా పరకాల వైపు ఊళ్లకు తిరుగుతాను, అప్పుడప్పుడు భూపాలపల్లి దాకా వెళ్తాను. అటు బొగ్గు లారీలు, కరీంనగర్ వైపు వెళ్తే గ్రానైట్ లారీలు. వానాకాలంలో పత్తి చేల మధ్య బాటల్లో నల్లరేగడి చక్రానికీ చైనుకీ పట్టుకుంటే ఓ పట్టాన వదలదు. ఈ పొడులన్నీ నూనెలో కలిసి చైనును లోపలి నుంచి అరగదీస్తాయి. మంచి రోడ్ల మీద తిరిగే బండికి సరిపోయే సంరక్షణ మన దగ్గర సరిపోదు.

ఇదివరకు బండిని సర్వీసింగుకు ఇచ్చే చోట చైనును వేలితో నొక్కి చూసి, "గట్టిగా బిగించాను, ఇక మూడు నెలలు చూసుకోనక్కర్లేదు" అనేవారు. మంచి మనసుతో అన్న మాటే, కానీ బండికి చెరుపు చేసే మాట. వెనక చక్రాన్ని మోసే స్వింగ్ ఆర్మ్ ఒక బోల్టు చుట్టూ పైకీ కిందికీ ఊగుతుంది. ముందు స్ప్రాకెట్ (చైను ఎక్కి తిరిగే పళ్ల చక్రం) ఉండేది ఆ బోల్టు దగ్గర కాదు, దానికి కాస్త ముందు. అందుకే చక్రం లేచి దిగినప్పుడల్లా రెండు స్ప్రాకెట్ల మధ్య దూరం మారుతూ ఉంటుంది. ముందు స్ప్రాకెట్, ఆ బోల్టు, వెనక ఆక్సిల్ (చక్రం ఇరుసు) మూడూ ఒకే వరుసలోకి వచ్చినప్పుడు ఆ దూరం అన్నిటికంటే ఎక్కువ. ఖాళీ బండి మీదే చైనును బిగువుగా పెడితే, వెనక ఒక మనిషి, ముందు 45 కిలోల యూరియా బస్తాతో గుంతలో దిగినప్పుడు దానికి సందు మిగలదు. ఆ లాగుడంతా గేర్‌బాక్సు షాఫ్టు బేరింగు మీద, చక్రం బేరింగుల మీద పడుతుంది. బేరింగులు పోయిన బండి గోల పెడుతుంది తప్ప, తప్పు చైనుదని ఎవరికీ తోచదు.

చిన్న బండ్లలో చాలావాటికి 20 నుంచి 30 మిల్లీమీటర్ల వదులు ఉండాలంటారు. మీ బండికి ఎంతో, డబుల్ స్టాండు మీద కొలవాలో సైడు స్టాండు మీద కొలవాలో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. రెండు స్ప్రాకెట్ల నడుమ, కింది వరుస మధ్యలో స్టీలు స్కేలు నిలబెట్టి, చైనును కిందికి లాగి ఒకసారి, పైకి నెట్టి ఒకసారి చూస్తే ఆ రెండు అంకెల తేడాయే వదులు. ఒక్కచోట కొలిచి వదిలేయకూడదు. చైను అన్నిచోట్లా ఒకేలా అరగదు కాబట్టి చక్రాన్ని మెల్లగా తిప్పుతూ అన్నిటికంటే బిగువుగా ఉన్నచోటు వెతికి, అక్కడి కొలతను లెక్కలోకి తీసుకోవాలి. నాకు ఈ పనిలో ఎక్కువ సమయం పట్టేది ఇక్కడే, పట్టాలి కూడా.

మిగతాది త్వరగా అయిపోతుంది. ఆక్సిల్ నట్టు వదులు చేసి, చక్రాన్ని వెనక్కి జరిపే అడ్జస్టర్లను రెండు వైపులా సమానంగా, పావు చుట్టు చొప్పున తిప్పాలి. డ్రమ్ బ్రేకు బండికైతే బ్రేకు ప్లేటును పట్టుకునే రాడ్డు నట్టు కూడా ముందే వదులు చేయాలి. స్వింగ్ ఆర్మ్ మీది గీతలను నేను పూర్తిగా నమ్మను. ఆర్మ్ బోల్టు నడిమి నుంచి ఆక్సిల్ నడిమి దాకా రెండు పక్కలా టేపుతో కొలిచి సరిచూస్తాను. నట్టు బిగించేటప్పుడు కింది వరుసకూ వెనక స్ప్రాకెట్‌కూ మధ్య గుడ్డ చుట్ట దూర్చి చక్రాన్ని చేత్తో ముందుకు తిప్పితే, చైను ఆక్సిల్‌ను ముందుకు లాగి అడ్జస్టర్లకు ఆనిస్తుంది, కొలత చెదరదు. బిగించాక వదులు మళ్లీ కొలవాలి. చక్రం వెనక్కి జరిగింది కాబట్టి బ్రేకు పెడల్ ఆట (బ్రేకు పట్టేలోపు ఉండే ఖాళీ కదలిక), వెనక బ్రేకు లైటు కూడా చూసుకోవాలి. ఈ చివరి పని మరిచిపోతే బ్రేకు రాసుకుంటూ డ్రమ్ము వేడెక్కుతుంది.

ఒక్క విషయం గట్టిగా చెబుతాను. ఇంజను నడుస్తుండగా, గేరులో పెట్టి, తిరిగే చైను మీద గుడ్డ పెట్టేవాళ్లను చూస్తూనే ఉన్నాను. వేళ్లు పోతాయి. చక్రాన్ని చేత్తోనే తిప్పండి.

ఇక సామాను. వరంగల్ చౌరస్తా దగ్గర కొన్న రింగు పానాలు ఇప్పటికీ కొత్తవాటిలా ఉన్నాయి. నట్టు మూలలు అరగకుండా ఉండాలంటే రింగు పానాయే వాడాలి. ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచి ఖరీదైనదే, అయినా కొనమనే చెబుతాను, ఎందుకంటే ఆక్సిల్ నట్టును చేతి అంచనాతో బిగించడం నాకు ఇష్టం లేదు. మా తమ్ముడి స్పోర్ట్స్ బండికి డబుల్ స్టాండు లేదు, దానికి వెనక చక్రాన్ని పైకెత్తి పట్టే ప్యాడాక్ స్టాండు తప్పనిసరి. నా బండికి అక్కరే రాలేదు. మూడు వైపులా కుచ్చులున్న బ్రష్షు చవకది, చాలా మంచిది. స్ప్రాకెట్ల వరుస చూసే లేజర్ పరికరం మాత్రం దండగ. టేపు చేసే పనికి అంత డబ్బు పెట్టనక్కర్లేదు.

నూనె విషయంలో నా అభిప్రాయం ఇన్నేళ్లలో మారింది. స్ప్రే లూబ్ శుభ్రంగా ఉంటుంది, చిందదు, ఎండాకాలపు దుమ్ములో అదే మేలు. కానీ వానాకాలం రేగడిలో తిరిగి వచ్చి కడిగిన చైనుకు 90 నంబరు గేరు ఆయిలే నాకు నచ్చింది. సందుల్లోకి బాగా దిగుతుంది, ధర తక్కువ. పైన మిగిలిన నూనెను గుడ్డతో తుడవకపోతే మాత్రం బొగ్గు పొడిని పిలిచి కూర్చోబెట్టుకున్నట్టే. తిరిగి వచ్చిన వెంటనే, చైను వెచ్చగా ఉన్నప్పుడు, లోపలి వైపు పూసి రాత్రంతా వదిలేస్తాను. 500 కిలోమీటర్లకు ఒకసారి, వానలో తడిస్తే ఆ రోజే. లింకుల మధ్య రబ్బరు రింగులుండే ఓ-రింగు చైనును పెట్రోలుతో కడగకండి, రబ్బరు పాడై లోపలి గ్రీజు పోతుంది. ఈ క్రమం పాటించాక చైను సర్దే అవసరమే బాగా తగ్గింది. పాత చైన్ల కన్నా ఇప్పటిది స్పష్టంగా ఎక్కువ కాలం నడుస్తోంది.

ఎంత చూసుకున్నా చైను ఒకనాటికి అరుగుతుంది. 428 చైనులో 20 లింకుల పొడవు కొత్తప్పుడు 254 మిల్లీమీటర్లు. చైనును లాగి పట్టి, పిన్ను నడిమి నుంచి పిన్ను నడిమికి కొలిచినప్పుడు 259 వచ్చిందంటే 2 శాతం సాగినట్టు. అప్పుడు ఎంత సర్దినా లాభం లేదు. స్ప్రాకెట్ పళ్లు ఒక పక్కకు కొక్కెంలా వంగినా అంతే. చైను, రెండు స్ప్రాకెట్లు కలిపి సెట్టుగానే మార్చాలి. పాత పళ్ల మీద కొత్త చైను తొందరగా పోతుంది. ఆ మార్పిడి మాత్రం నేను మెకానిక్కుకే ఇస్తాను. పక్కనే ఉండి, చైను కొనలను కలిపే లాకు క్లిప్పు మూసి ఉన్న కొన చైను కదిలే దిశకు ఉందో లేదో చూసి, వదులు నా స్కేలుతో కొలిచాకే బండి తెచ్చుకుంటాను.